ముందు మేనమామకు చెప్పాను

మొన్న ఆసుపత్రిలో మా గదిలోకి ఒకాయన రాగానే మిరపకాయల ఘాటు గుప్పున కొట్టింది. మిర్చి యార్డు నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, కండువా కూడా దులుపుకోలేదు. దగ్గుతో పాటే నాకు సుశీల గారు గుర్తొచ్చారు.

తొంభైల చివర గుంటూరులో, జన్యుపరీక్షల ఆసుపత్రిలో నాకు పని నేర్పిన డాక్టరు ఆవిడ. ఎవరొచ్చినా ముందు అనుమానించేవారు. వెంట వచ్చినవాళ్ళను బయటికి పంపి, పరీక్ష చేయించుకున్న మనిషితోనే మాట్లాడేవారు. "ఎవరి రక్తమో రిపోర్టు వాళ్ళదేనమ్మా. చుట్టరికం చెప్పి అడిగేవాళ్ళను అసలు నమ్మొద్దు" అనేవారు. తన నీడను తనే నమ్మని మనిషని లోలోపల విసుక్కునేదాన్ని.

సత్తెనపల్లి వైపు నుంచి రత్న అనే అమ్మాయి వచ్చింది. తమ్ముడికి తలసీమియా, నెలనెలా రక్తం ఎక్కించాలి. ఆ లోపం తనలోనూ దాగి ఉందేమోనని పరీక్ష చేయించుకుంది. ఫలితం వచ్చిన రోజు సుశీల గారు సెలవులో ఉన్నారు. రత్న రాలేదు, ఆమె మేనమామ యార్డులో కాయలు దించి వచ్చాడు.

"తండ్రి లేని పిల్లండి. నా చేతుల మీద పెరిగింది. నాక్కాక ఇంకెవరికి చెప్తారు?" అంటూ కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

రత్నలో ఆ లోపం ఉందని చెప్పేశాను. ఆ పిల్లకేమీ కాదని, చేసుకోబోయేవాడిలోనూ ఉంటేనే పిల్లలకు ప్రమాదమని కూడా చెప్పాను. ఆ మాట ఆయన విన్నట్టు లేదు.

రత్నను ఆయన కొడుక్కే అనుకున్నారట. మన ఊళ్ళలో మేనమామే మామగారవుతాడని తెలియనిదాన్నా నేను? బుద్ధి గడ్డి తింది. వారం తిరక్కుండా ఆయన సంబంధం వద్దన్నాడు, ఎందుకో ఊరంతా చెప్పాడు.

రత్న మా దగ్గరికొచ్చింది. తప్పు ల్యాబు వాళ్ళ మీదికి నెట్టేద్దామనుకున్నాను, సిగ్గులేకుండా. సుశీల గారు నా ముఖం చూసి, "చెప్పింది నువ్వేనని నువ్వే చెప్పు" అన్నారు. చెప్పాను.

"నాకంటే ముందు ఆయనకెందుకు చెప్పారండి?" అంది రత్న.

"మీ బావకు పరీక్ష చేయించారా?" అని అడిగారు సుశీల గారు.

"లేదండి."

"తమ్ముడికి వచ్చిందంటే మీ అమ్మలోనూ ఉన్నట్టేనమ్మా. ఆవిడ అన్నలోనూ ఉండొచ్చు, ఆయన కొడుకులోనూ ఉండొచ్చు."

"వాళ్ళనెవరూ అడగరు లెండి" అంది రత్న.

సుశీల గారు నన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు. రిపోర్టుల బీరువా తాళం మాత్రం తన దగ్గరే పెట్టుకున్నారు.

మొన్నటాయన కూడా, "మేనమామనండి, రిపోర్టు నాకివ్వండి" అన్నాడు. అమ్మాయిని లోపలికి పంపి, ఆయన్ను బయట కూర్చోమన్నాను. చిన్నబుచ్చుకుని లేచాడు. పాపం, మంచివాడే కావచ్చు. రత్న మేనమామ కళ్ళల్లో నీళ్ళు బాధతో వచ్చాయో, మిరప ఘాటుకు వచ్చాయో నాకు ఇప్పటికీ తెలియదు.