మా రేకుల కింద చెప్పిన పాఠాలు

చిట్టీ, నీ మీద బడి పుస్తకంల నాలుగు మాటలు రాయుమన్నరు బిడ్డా. నువ్వుంటే తప్పులు దిద్దుదువు.

నా బిడ్డ ఈ ఎండకాలం పోయింది. పసిరికలు అయినయి, కామెర్లు అంటరు గదా, అవే. జగిత్యాల దవాఖానల ఉండె. ముందటి దినం మంచిగనే మాట్లాడింది. ఉతికిన బట్టలు తెమ్మంటే ఆఖరు బస్సుకు కోరుట్లకు అచ్చిన. తెల్లారి తెలంగాణ బందు అని నాకు యాదే లేదు. పొద్దుగాల బట్టలు సర్దుతున్న, దాని దగ్గరున్న మా తమ్ముడు ఫోన్ జేసిండు. "అక్కా, నువ్వు బయలెల్లు" అన్నడు.

బస్సుల్లేవు. ఎట్లనో ఒక ఆటో దొరికింది. తొవ్వల రోడ్డుకు అడ్డం మొద్దులు ఏసి పోరగాళ్లు కూసున్నరు. నన్ను సూసి లేసిండ్రు. అందుల సగం మంది నా బిడ్డ దగ్గర సదువుకున్నోళ్లే. ఎవ్వలు నినాదం ఇయ్యలే. మొద్దులు పక్కకు జరిపి ఊకె నిలవడ్డరు. నేను పొయ్యేవరకు అయిపోయింది.

ఇది సదివేటోళ్లల్ల మస్తుమంది దాని పిల్లలే, ఆ పిల్లల అవ్వలు అయ్యలే. మీకు అది టీచరు. నేను ఐదు దాక సదువుకున్న, బీడీలు చేస్తా. బడి ముచ్చట్లు నాకు ఎర్కలేవు. మా ఇంటి ముంగట రేకుల కింద ఏం జరిగిందో గదే రాస్తున్న.

పోయిన యేడు తెలంగాణ కొట్లాటల బడి తెరిసిన దినాల కన్న మూసిన దినాలే ఎక్కువ. ఇయ్యాల బందు, రేపు రాస్తారోకో. పదోతరగతి పిల్లలు ఆగమైతరని నా బిడ్డ వాళ్లను ఇంటికే పిలిచేది. పాఠాలొక్కటే కాదు, పది అయినంక ఇంటర్ల ఏ గ్రూపు తీసుకోవాలె అనేది గూడ ఆడనే తేలేది. ఒకసారి ఐదుగురు ఆడివిల్లలు ఒక్కతీరుగ బైపీసీ అన్నరు. ఎందుకే అంటే, ఒకతిని సూపెట్టి, గామె తీసుకుంటుంది టీచర్, అందరం ఒక్క బస్సుల జగిత్యాల పోవచ్చు అన్నరు. "మరి గామెకు పెండ్లయితే మీరందరు ఆమె అత్తగారింటికే పోతరా?" అన్నది నా బిడ్డ. తలకాయలు కిందికేసి ఒకటే నవ్వుడు. ఇంకొకడు దీక్షల గుడారం కాడ ఉపన్యాసం ఇని అచ్చి, తెలంగాణ అస్తే ఏది సదివినా నౌకరి అస్తదట అన్నడు. అస్తే మంచిదే, అచ్చినంక రోజు పొయ్యి పనిచేసేది నువ్వే గదరా అన్నది.

మల్ల ఒక్కొక్కలను నా దగ్గరికి తోలేది. నేను చాట ఒళ్లె పెట్టుకొని బీడీలు చేస్తుంటే, పిల్ల నా ముంగట కూసోని లెక్కలల్లకెల్లి ఒకటి, సైన్సులకెల్లి ఒకటి, సోషల్ల ఒకటి చెప్పాలె. నాకు సగం సమజ్ గాకపోవు. నా బిడ్డ కడప మీద కూసోని సూసేది. నన్నెందుకే సూస్తవు అంటే నవ్వింది. "నిన్ను కాదవ్వా, వాళ్ల కాళ్లు సూస్తున్న. ఇష్టం లేని పాఠం కాడ లేద్దామని కాళ్లు సదురుకుంటరు." ఇంకొకటి గూడ అనేది. ఏది ఇష్టమని అడుగుతే అయ్య మాట జెప్తరు, పాఠం జెప్పుమంటే వాళ్ల మాట జెప్తరు అని. నా బిడ్డనైతే దాని పది అయినంక మా అన్న ఎంపీసీల ఏసిండు. రెండేండ్లు లెక్కల పుస్తకం తెరిస్తే దానికి కడుపునొప్పి. ఆనాడు దాన్ని గిట్ల కూసోవెట్టి ఇనేటోళ్లు లేకుండిరి.

పెన్సిలు జడల పెట్టుకొని ఇల్లంత దేవులాడేది. మొన్న దిండు గలేబు ఉతుకుదామని తీస్తే అందులకెల్లి ఒక పెన్సిలు వడ్డది. మల్ల అందులనే పెట్టిన. గలేబు ఉతుకలే.

మా వాడకట్టుల ఒక పిల్ల ఉంది. వాళ్ల నాయిన సిరిసిల్లల సాంచాల మీద బట్ట నేస్తడు, వారానికోసారి ఇంటికస్తడు. బిడ్డ ఇంజనీరు కావాలె, ఎంపీసీనే అన్నడు. పిల్లకు లెక్కలల్ల మార్కులు బాగనే అస్తయి. కాని నా ముంగట లెక్క చెప్పుమంటే అప్పజెప్పినట్టు చెప్పింది. సోషల్ కాడికి అచ్చేవరకు నా చాటలకెల్లి దారం గుంజుకున్నది. నేల మీద పర్సి, గిది గోదారి అమ్మమ్మా, గీ తునికాకు కట్ట మన కోరుట్ల, గిది కాలువ, గీన్నుంచి నీళ్లు యాడికి పోతున్నయో సూడు అని మొదలువెట్టింది. నా దారమంత చిక్కువడ్డది. పొద్దువోయింది గూడ నాకు తెల్వలే.

నువ్వు హెచ్‌ఈసీ తీసుకో, అందుల అంత సోషలే ఉంటది అన్నది నా బిడ్డ. పిల్ల ఏడ్సింది. అది మొద్దు పిల్లలు సదివేదట, నాయిన ఒప్పుకోడట. నా బిడ్డ ఫోన్ జేస్తే సాంచాల మోతల ఆయినెకు ఏం ఇనవడలే. మనిషిని కలిసి చెప్పాలె, సిరిసిల్ల పోత అన్నది. అంతల జరం, మల్ల దవాఖాన. మంచం మీద గూడ అదే రంది. "సిరిసిల్లకు బస్సులు నడుస్తున్నయా అవ్వా? ఆఖరు తారీకు దగ్గరవడ్డది."

పదకొండోనాడు ఆ పిల్ల నాయినే అచ్చిండు, బిడ్డను ఎంటవెట్టుకొని. "తమ్మీ, గ్రూపులు నాకు ఎర్కలేవు. నీ బిడ్డ గోదారి పాఠం ఒక్కసారి ఇను. ఇన్నంక నీ ఇష్టం" అన్న.

పిల్ల మెల్లగ మొదలువెట్టింది. ఏండ్లసంది సాంచాల మోతకు ఆయినె చెవులు మందమైనయి. చెవి కాడ చెయ్యి పెట్టుకొని ముంగటికి జరిగిండు, ఇంక జరిగిండు. పిల్ల గొంతు పెంచింది. జెర సేపటికి భయం మర్సిపోయింది. మరి మన కాలువకు నీళ్లు ఇడిసేటోడు ఎవ్వడే అని ఆయినే అడిగిండు. చెప్పింది. మల్ల ఒకటి అడిగిండు. నేను లేసి చాయ పెట్టుకచ్చేవరకు ఇద్దరు గట్లనే ఉన్నరు.

"దీని గొంతు గింతసేపు నేను ఎన్నడు ఇనలే అక్కా" అన్నడు. తువ్వాలతోని మొఖం తుడుసుకున్నడు. "ఇంజనీరు జేద్దామనుకున్న."

"నేను గూడ శాన అనుకున్న తమ్మీ" అన్న.

తెల్లారి ఆయినే జగిత్యాల తీస్కపోయి హెచ్‌ఈసీల చేర్పించిండు.

ఇప్పుడు పొద్దుగాల జగిత్యాల బస్సు మా మూల మీద ఆగుతది. పిల్లలు ఎక్కుతరు. నేను చాట పక్కకు పెట్టి లేస్త. కిటికీ కాడ కూసున్న గోదారి పాఠం పిల్ల నన్ను సూసి చెయ్యి ఊపుతది. దాని పక్కకెల్లి ఇంకో మొఖం కనవడ్తదేమో అని బస్సు మూల మలిగేదాక సూస్త. బస్సు పోతది. దుమ్ము ఆడనే లేసి ఉంటది.

ఇంతకంటే నాకు రాయరాదు. మీరు ఏది సదివినా సదువుండ్రి గని, పొద్దుగాల కడుపునిండ తిని పోండ్రి.