ఒకే ర్యాకులో తల్లీ కూతుళ్ల రక్తం

2023 జులై. గోదావరికి కొత్తనీరు వచ్చి నది ఎర్రబడిన రోజులు. రాజమండ్రిలోని ఒక ప్రైవేటు ల్యాబ్‌లో నేను టెక్నీషియన్‌గా చేరి అప్పటికి పంతొమ్మిదేళ్లు. రక్తం తీయడం, మెషీన్‌కి ఎక్కించడం, వచ్చిన అంకెలు నమ్మదగ్గవో కాదో చూసి డాక్టరుగారికి పంపడం నా పని. రోగం పేరు చెప్పే అధికారం మాకు లేదు. కానీ ఇన్నేళ్లు ఈ పనిలో ఉన్నాక, మనిషిని చూడగానే రిపోర్టు ఎలా వస్తుందో ఊహించే అలవాటు ఒకటి వచ్చేస్తుంది. నాకూ వచ్చింది.

ఆ ఉదయం ఎనిమిదింటికి కొవ్వూరు నుంచి ఒక తల్లీ కూతురూ వచ్చారు. తల్లి పేరు మార్తమ్మ. యాభై ఆరేళ్లు, పొలం కూలి. నాట్లలో నానిన వేళ్లు ఇంకా ముడతలు పడే ఉన్నాయి. కూతురు కెజియాకి ఇరవై ఆరు. సన్నగా, చురుగ్గా ఉంది. ఇంటి నుంచే మెడికల్ కోడింగ్ ఉద్యోగం చేస్తోంది. విదేశీ ఆసుపత్రుల్లో జరిగిన వైద్యానికి కంప్యూటర్లో కోడ్‌లు వేసే పని అది.

కెజియా అన్నయ్య శామ్యూల్ స్కూల్లో లెక్కల మాస్టారు. రెండేళ్ల కిందట కిడ్నీలు వాచి, మందులకి లొంగక, వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్లే పరిస్థితి వచ్చింది. వంశంలో వచ్చే జబ్బు కాదని తేలడంతో, ఇంట్లోవాళ్లెవరైనా కిడ్నీ ఇవ్వొచ్చన్నారు డాక్టరుగారు. ఆపరేషన్ కోసం విశాఖ పంపే ముందు మొదటి పరీక్షలు మా దగ్గర చేయించమని ఇద్దరి పేర్లూ రాశారు. బ్లడ్ గ్రూపు ముగ్గురిదీ ఒకటే.

"అమ్మకి ఊరికే రాశారండి. ఇచ్చేది నేనే" అంది కెజియా, చెయ్యి చాపుతూ. "పొలంలో వంగి పనిచేసే మనిషి. ఈ వయసులో ఆవిడకి ఆపరేషన్ ఏంటండి?"

"రాశారు కదమ్మా, తీయనీ" అంది మార్తమ్మ. "రక్తమే కదా అడిగారు."

మనసులో నేను కూడా కెజియా వైపే ఉన్నాను. అలవాటుగా ఇద్దరినీ అడిగాను.

"రాత్రి నుంచి ఏమీ తినలేదు కదా?"

లేదన్నారిద్దరూ.

తీసిన రక్తం గడ్డకట్టాక సెంట్రిఫ్యూజ్‌లో పెడతాం. ట్యూబుల్ని గిర్రున తిప్పే యంత్రం. తిరగడం ఆగేసరికి ఎర్రకణాలు అడుక్కి దిగి, పైన సీరం అనే ద్రవం తేరుకుంటుంది. మామూలుగా అది పలచటి తేనె రంగులో, అవతల వేలు పెడితే కనిపించేలా ఉంటుంది. మార్తమ్మగారి ట్యూబు అలాగే ఉంది. దాని పక్కది తీశాను. సీరం ఉండాల్సిన చోట తెల్లగా, చిక్కగా, పాలు పోసినట్టుంది.

ఇలాంటిదాన్ని లైపీమిక్ శాంపిల్ అంటాం. రక్తంలో కొవ్వు పేరుకుపోతే సీరం అలా తెల్లబడుతుంది. ఎన్నో ఏళ్లుగా షుగరుతో, మందు అలవాటుతో బాధపడే పెద్ద వయసు మగవాళ్లలో అప్పుడప్పుడూ చూస్తుంటాను. లేబుల్ చదివాను. కెజియా, 26, స్త్రీ. మళ్లీ చదివాను. నా చేతిరాతే. ట్యూబులు తారుమారు చేశానా అనుకుంటే, ఆ ఉదయం ఆ సమయానికి నేను తీసింది ఆ ఇద్దరి రక్తమే. తారుమారైనా తల్లిదవ్వాలి.

మెషీన్‌కి ఎక్కించాను. ట్రైగ్లిజరైడ్స్, అంటే రక్తంలోని కొవ్వు, మామూలుగా నూట యాభై లోపు ఉండాలి. తొమ్మిది వందలు దాటింది. పరగడుపున వంద లోపు ఉండాల్సిన షుగరు నూట నలభై ఎనిమిది. మెషీన్‌ని సరిచూసుకుని ఇంకోసారి పెట్టాను. అంకెలు కదల్లేదు.

వాళ్లు ఇంకా వెయిటింగ్ హాల్లోనే ఉన్నారు. కెజియాని లోపలికి పిలిచాను.

"అమ్మా, నిజంగా ఏమీ తినలేదా?"

"లేదండి. రాత్రి భోజనం చేశాక మంచినీళ్లే."

"రాత్రి భోజనం ఎన్నింటికి?"

ఆ అమ్మాయి ఏమాత్రం తడుముకోకుండా చెప్పింది. "మూడింటికండి."

నాకు అర్థం కాలేదు. మధ్యాహ్నం మూడా అని అడిగాను.

"కాదండి, తెల్లవారుజామున మూడు. షిఫ్టు రెండున్నరకి అయిపోతుంది. అప్పుడు తిని పడుకుంటాను."

రోజంతా ఎలా గడుస్తుందో అడిగాను. పన్నెండింటికి లేవడం, పాలు, చక్కెర లేని కాఫీ. సాయంత్రం షిఫ్టు మొదలై, రాత్రి తొమ్మిది దాటాక టీ, బిస్కెట్లు. ఆకలి చచ్చిపోయేదాకా పని. షిఫ్టు దిగాక అన్నం, వేపుడు, పైన ఏదైనా స్వీటు, అన్నీ ఒకేసారి. వెంటనే నిద్ర. నాలుగేళ్లుగా ఇదే వరస.

"ఒంటిపూట భోజనమేనండి నాది" అంది. ఆ మాటలో కాస్త గర్వం కూడా ఉంది. "ఫోన్లో యాప్ పెట్టుకున్నాను. రోజుకి పదహారు గంటలు పస్తుంటే మంచిదంటారు కదా. నేను పద్దెనిమిది ఉంటాను. నలభై తొమ్మిది కేజీలు దాటలేదెప్పుడూ."

తిని అయిదు గంటలే అయింది కాబట్టి ఈ పరీక్ష లెక్కలోకి రాదని, పూర్తిగా పన్నెండు గంటలు ఆగి రేపు రమ్మని చెప్పి పంపించాను. అంత తెల్లదనం ఆ భోజనం వల్లే అయి ఉండాలని మనసారా కోరుకున్నాను.

మర్నాడు వచ్చింది. పన్నెండు గంటల పస్తు తర్వాత కూడా ట్రైగ్లిజరైడ్స్ ఆరు వందల పైన, షుగరు నూట ముప్పై ఒకటి. తిన్నా తినకపోయినా మారని పరీక్ష ఒకటుంది, హెచ్‌బీఏ1సీ. మూడు నెలల షుగరు సగటు చెబుతుంది. అది ఆరు పాయింట్ తొమ్మిది వచ్చింది. ఆరున్నర దాటితే డయాబెటిస్ కిందే లెక్క. స్కానింగ్‌లో లివర్‌కి కొవ్వు పట్టిందని కూడా తేలింది.

డాక్టరుగారి గది మా ల్యాబ్‌కి ఆనుకునే ఉంటుంది. రిపోర్టు నేనే తీసుకెళ్లాను. ఆయన మార్తమ్మగారినీ కెజియానీ కూర్చోబెట్టి, నన్నూ ఉండమన్నారు.

"షుగరు ఉన్నవాళ్ల దగ్గర కిడ్నీ తీసుకోరమ్మా. ఉన్న ఒక్క కిడ్నీ రేపు దెబ్బతింటే నీ గతేంటి?" అన్నారు మెల్లగా.

కెజియా నా వైపు చూసింది. "ఎవరిదో రిపోర్టు అయ్యుంటుందండి. మేడమ్‌గారూ, మీరే చెప్పండి."

"నాలుగుసార్లు చూశానమ్మా" అన్నాను.

"నేను లావు లేను. తిండి కూడా ఎక్కువ తినను. నాకు షుగరేంటండి?"

డాక్టరుగారు ఆమెను తప్పుపట్టలేదు. చనిపోయిన వాళ్ల నాన్నకి షుగరు ఉండేదని, ఆ గుణం కొంత ఆమెకూ వచ్చి ఉంటుందని చెప్పారు. నిద్ర వేళలు తలకిందులు కావడం ఇంకో కారణం. వాటికి తోడు తిండి వేళ. పగలు తిన్న అన్నాన్ని ఒళ్లు సర్దుకున్నట్టు అర్ధరాత్రి దాటాక తిన్న అన్నాన్ని సర్దుకోలేదట. ఆ వేళకి ఇన్సులిన్ మందగిస్తుంది. తిన్నది ఖర్చుకాక, చక్కెరగా రక్తంలో, కొవ్వుగా లివర్లో నిలిచిపోతుంది. "పస్తు ఎన్ని గంటలన్నది ఒక్కటే చూసుకున్నావు. ఆ పస్తు ఏ వేళప్పుడన్నది చూసుకోలేదు. సన్నగా ఉన్నావు కాబట్టి నీకూ, మాకూ అనుమానం రాలేదు" అన్నారు.

తర్వాత ఆయన రెండో కాగితం తిప్పారు. మార్తమ్మగారిది. షుగరు, కొవ్వు, కిడ్నీలు, లివరు, అన్నీ ఎంతుండాలో అంతే ఉన్నాయి. ఆయనే కళ్లజోడు సర్దుకుని మళ్లీ చదివారు.

"మీరు ఎప్పుడెప్పుడు తింటారమ్మా?"

"నేనాండి?" ఆవిడ తడబడింది. "తెల్లారాక పెరుగన్నం తిని పనికెళ్తానండి. మధ్యాన్నం గట్టు మీద క్యారేజీ. పొద్దుగూకేసరికి ఇంత తినేసి పడుకుంటాను. పనిని బట్టి తినడమేనండి, నేనేం పాటించలేదు."

డాక్టరుగారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టారు. ఆవిడే మళ్లీ అంది. "అయితే నాదే తీసుకోండి. వాడికి రెండూ నేనిచ్చినవే కదండి."

కెజియా అప్పటిదాకా ఏడవలేదు. ఆ మాటతో తల్లి ఒళ్లో తలపెట్టి ఏడ్చింది.

విశాఖలో మిగతా పరీక్షలన్నీ జరిగి, నవంబరులో ఆపరేషన్ అయింది. తల్లి ఎడమ కిడ్నీ కొడుక్కి అమరింది. మార్తమ్మగారు రెండు వారాల్లో లేచి తిరిగారు. నాట్లకి వెళ్లొద్దని డాక్టర్లు చెబితే, ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న "ఎన్నాళ్లు?" అని. శామ్యూల్ మాస్టారు వేసవి సెలవుల తర్వాత మళ్లీ బోర్డు ముందు నిలబడ్డారు.

కెజియా పగటి షిఫ్టు కోసం రెండు నెలలు అడిగి అడిగి సంపాదించుకుంది. మందులు వాడింది. ఉదయం ఎనిమిదింటికి, ఒంటిగంటకి, సాయంత్రం ఏడింటికి తల్లితో కలిసి కూర్చుని తినడం మొదలుపెట్టింది. ఆరు నెలలకి మా ల్యాబ్‌కి వచ్చినప్పుడు ఆమె సీరం దాదాపు తేటపడింది. హెచ్‌బీఏ1సీ అయిదు పాయింట్ ఎనిమిదికి దిగింది. మెషీన్ దగ్గర నేనొక్కదాన్నే కాసేపు నవ్వుకున్నాను.

"ఇప్పుడైతే నేను దాతగా పనికొస్తానాండి?" అని డాక్టరుగారిని అడిగింది. పనికిరాదన్నారాయన. ఒకసారి షుగరు వచ్చిన ఒంటికి మళ్లీ వచ్చే ప్రమాదం ఉంటుంది, ముందు చాలా జీవితం ఉంది, ఏ ఆసుపత్రీ ఒప్పుకోదన్నారు. ఆమె తల ఊపింది. బయటికొచ్చాక నా టేబుల్ దగ్గర ఆగింది.

"అన్నయ్యకి జబ్బు చేయకపోతే నేనీ వయసులో రక్తం చూపించుకునేదాన్నే కాదు కదండి" అంది. "ఇద్దామని వచ్చాను. చివరికి నేనే తీసుకున్నాను."

ఆమె రిపోర్టు మడిచి చేతికిచ్చాను.

ఆ కేసు నాకు నేర్పింది ఇదే. పాతికేళ్ల ఒంట్లో మొదలైన జబ్బు నొప్పి పెట్టదు, బరువు పెంచదు, అద్దంలో కనపడదు. నలభై వచ్చేదాకా అలా నిశ్శబ్దంగా ఉండిపోగలదు. ఇప్పుడు మా ల్యాబ్‌కి ఉద్యోగం చేరే ముందు పరీక్షల కోసం కుర్రవాళ్లు, అమ్మాయిలు వస్తుంటారు. మాకేం రోగముంటుంది అన్నట్టు నవ్వుతూ చేతులు చాపుతారు. ఏం తింటున్నారో నేను అడగను. నిన్న మొదటి ముద్ద ఎన్నింటికి, చివరి ముద్ద ఎన్నింటికి అని మాత్రం అడుగుతాను. సగం మంది జవాబు చెప్పే ముందు ఆలోచనలో పడతారు. కొందరి నవ్వు అక్కడే ఆగిపోతుంది.