పేడపురుగు కింద ఖాళీ

1999 డిసెంబరు 11, శనివారం, ఉదయం పదింబావు. నా చిన్నప్పటి రోజుల్లో గంటతో సహా గుర్తున్నది ఇదొక్కటే. నాకు పదకొండేళ్లు, తమ్ముడికి నాలుగు. సిడ్నీలో పెండిల్ హిల్‌లో ఉండేవాళ్లం. అమ్మ పోయి మూడు వారాలైంది. తమ్ముడికి మాత్రం అమ్మ ఇండియా వెళ్లిందనీ, కొత్త సంవత్సరం రాగానే వస్తుందనీ నాన్న చెప్పాడు. నన్నూ అలాగే చెప్పమన్నాడు. సరేనన్నాను. నాకు ఏడుపు రాలేదు. ఆకలీ వేసేది కాదు.

నాన్న శనివారాలు కూడా ఆఫీసుకు వెళ్లేవాడు. పాత కంప్యూటర్ ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెలతోనే రాశారట. లేని రెండంకెలు నింపడం ఆయన పని. ఆ రోజు పక్కింటి ఆంటీ తమ్ముణ్ణి తన భర్త దగ్గర ఉంచి నన్ను తను పనిచేసే చోటికి వెంట తీసుకెళ్లింది. వాళ్లది గుంటూరు. ఆమె యూనివర్సిటీలో ప్రాచీన ఈజిప్టు లిపి చెప్పేది.

ఆమె గదిలో, బల్ల మీద ఒక నల్లరాతి ముక్క ఉంది. ఏదో రాజు విగ్రహం వెనుక భాగమట. దాని మీద కోలగా ఒక గీత, గీత లోపల పైన గుండ్రని సూర్యుడు, కింద పేడపురుగు. ఆ కింద రాయి విరిగిపోయింది.

"తాడు చుట్టినట్టుంది చూడు, దాని లోపల ఉంటే రాజు పేరన్నమాట. సూర్యుడు దేవుడు కదా, రాసేటప్పుడు ముందు, చదివేటప్పుడు చివర," అంది ఆంటీ.

"ఏ రాజు?"

"ఈ రెండూ ఉన్న పేర్లు చాలామందివి తల్లీ. కింద ఏముందో తెలిస్తేగా!"

"ఏదో ఒకటి వేసేయండి ఆంటీ. ఎవరడుగుతారు?"

"వేసేస్తే వేరే రాజైపోతాడే పిచ్చిదానా!"

ఆమె గీత వంపును బట్టి కొలిచి, ఇంకొక్క గుర్తుకే చోటుందని తేల్చింది. తను గీస్తున్న బొమ్మలో ఆ చోట పెన్సిల్‌తో ఏటవాలు గీతలు కొట్టింది. తెల్లగా వదిలేస్తే అక్కడ ఏమీ లేదనుకుంటారట. గీతలుంటే, ఒకప్పుడు ఉండి, తర్వాత పోయిందని తెలుస్తుందట. మిగతా గీతలు నన్ను కొట్టమంది. చాలాసేపు కొట్టాను.

సాయంత్రం తమ్ముడు మెట్ల మీద కూర్చుని, రోజూ అడిగేదే అడిగాడు.

"అక్కా, వెన్ ఈజ్ అమ్మ కమింగ్?"

"రాదురా. చనిపోయింది."

"ఆఫ్టర్ న్యూ ఇయర్?"

"అప్పుడు కూడా రాదు."

"వై?"

"నాకు తెలీదు."

వాడు నా అరచేతికంటిన పెన్సిల్ మసిని వేలితో రుద్ది చూశాడు. నాన్న రాగానే, "అమ్మ రాదంట," అని వాడే చెప్పాడు. నాన్న బూట్లు విప్పకుండా అలాగే కూర్చుండిపోయాడు.

అమ్మ చివర్లో మీ పేర్లే తలుచుకుందని చుట్టాలు చెబుతూ వచ్చారు. ఆసుపత్రిలో అప్పుడు ఆమె పక్కన ఎవరూ లేరు. ఎవరు ఆ మాట అన్నా, నేను మనసులో అక్కడ ఏటవాలు గీతలు కొట్టుకుంటాను. ఇప్పటికీ అంతే.

లెక్క ఇది. రాతి మీద పోయినది ఒక గుర్తు. మా ఇంట్లో పోయినవి అమ్మ, ఆమె గొంతు, చారులో ఆమె ముందేం వేసేదో ఆ సంగతి. చివర్లో ఏమైనా అని ఉంటే, ఆ మాట.