కాకి కాని పిట్ట

మీరు పెట్టిన పిండాన్ని ముట్టింది కాకేనని ఎప్పుడైనా సరిచూసుకున్నారా? చూసుకుని ఉండరు. నల్లగా ఏదో ఒకటి వచ్చి వాలగానే హమ్మయ్య అనుకుని భోజనాలకు లేచి ఉంటారు. నేను సరిచూశాను. మూడు వందల మిల్లీమీటర్ల కెమెరా లెన్స్‌లోంచి చూశాను. అంత బాగా చూసినందుకు నాకు మిగిలింది ఒక స్లైడు.

డెబ్బైల చివర నేను అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రం పార్సిప్పనీలో, ఒక అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో ఒంటరిగా ఉండేవాణ్ణి. వారంలో ఐదు రోజులు రంగుల కంపెనీ ప్రయోగశాలలో పని. మిగిలిన రెండు రోజులు ఎలా గడపాలో తెలిసేది కాదు. అక్కడి తెలుగువాళ్లు నన్ను వ్రతాలకు పిలవడం మానేశారు. పిలిచిన రెండుసార్లూ ప్రసాదం చేతిలో ఉండగానే వాదనకు దిగాను మరి. మా ఊరి గ్రంథాలయంలో ఆదివారం చర్చల్లో పెరిగినవాణ్ణి. చనిపోయినవాళ్లకు ఆకలేస్తుందా అన్న అంశం మీద ఒకసారి ఇద్దరు పురోహితులకు మాట పెగలకుండా చేశాను. ఆ రోజు చప్పట్లు ఇరవై ఏళ్ల తర్వాత కూడా చెవుల్లో ఉండేవి. పార్సిప్పనీలో చప్పట్లు కొట్టేవాళ్లు లేరు. పిట్టల ఫొటోలు తీయడం మొదలుపెట్టాను.

అందుకోసం ఎక్కడికీ వెళ్లేవాణ్ణి కాదు. బాల్కనీ తలుపుకు పాత దుప్పటి కట్టి, లెన్స్ పట్టేంత కన్నం కోశాను. పాల డబ్బాకు కిటికీ కోసి, పొద్దుతిరుగుడు గింజలు పోసి రెయిలింగ్‌కు వేలాడదీశాను. దుప్పటి వెనక కుర్చీ. కదలకుండా గంటసేపు కూర్చుంటే ఎర్రటి కార్డినల్ వచ్చేది. నీలం జే వచ్చి అందరినీ తరిమేసేది. ఫిల్ము పోస్టులో పంపితే పది రోజులకు స్లైడ్లు తిరిగొచ్చేవి. ఆదివారం మధ్యాహ్నం పరదాలు దించి, ప్రొజెక్టర్‌తో గోడ మీద వేసుకుని, నేనొక్కణ్ణే చూసుకునేవాణ్ణి.

పక్క వాటాలో ఒక తెలుగు జంట ఉండేవారు. అతను సివిల్ ఇంజనీరు, నాకంటే పదేళ్లు చిన్నవాడు. నేను నాస్తికుణ్ణని తెలిసీ అన్నయ్యా అని పిలిచినవాడు అతనొక్కడే. ఆవిడకు కారు నడపడం రాదు. ఆ ఊళ్లో కారు నడపడం రానివాళ్లకు బాల్కనీయే ప్రపంచం. మా బాల్కనీల మధ్య ఆరడుగుల ఖాళీ. సాయంత్రం నేను రాగానే ఆ రోజు వచ్చిన పిట్టల లెక్క అప్పజెప్పేది.

"అన్నయ్యగారూ, ఎర్రది పావుగంట కూర్చుని వెళ్లింది. మీరు ఆఫీస్‌లో ఉన్నారు. తప్పు దానిదా, మీదా?"

నా స్లైడ్లు చూస్తానని ఆవిడ నాలుగైదుసార్లు అంది. చూపిస్తానన్నాను. మంచివి ఇంకొన్ని రానీ అనుకున్నాను. కారు నేర్పిస్తానని అతను ప్రతి వసంతంలోనూ అనేవాడు. మంచు పూర్తిగా కరగనీ అనేవాడు.

ఒక ఫిబ్రవరి చివర తలలో నరం చిట్లి, రెండు రోజుల్లో ఆవిడ పోయింది.

పదో రోజు కర్మ ఆ బాల్కనీలోనే చేశారు. పురోహితుడు దొరకలేదు. ఎడిసన్ అనే ఊరి నుంచి ఒక డాక్టరుగారు పుస్తకం తెచ్చుకుని మంత్రాలు చదివారు. అంతకు ముందురోజు అతను నా తలుపు కొట్టాడు. ఇండియాలో ఉన్న అత్తగారు ట్రంక్ కాల్‌లో ఒక్కటే అడుగుతోందట, కాకి ముట్టిందో లేదో కబురు చేయమని. ముట్టకపోతే కూతురు తీరని కోరికతో పోయినట్టు లెక్క. ఆ తల్లి బతికినన్నాళ్లూ ఆ కోరికేమిటా అని తవ్వుకుంటూ ఉంటుంది. అందుకని అతను నన్ను ఒకటి అడిగాడు.

"ఫొటో తీసి పెట్టండి అన్నయ్యా. కళ్లతో చూస్తే ఆవిడ నమ్ముతుంది."

ఒప్పుకున్నాను. జాలితో ఒప్పుకున్నానని అతను అనుకుని ఉంటాడు. నిజం చెప్తాను. ఆత్మ వీసా లేకుండా సముద్రం దాటి రావడం ఎలాగో, కాకి రానినాడు వీళ్ల మొహాలు ఎలా ఉంటాయో చూద్దామని ఒప్పుకున్నాను. మనసులో అప్పుడే ఒక వ్యాసానికి శీర్షిక కూడా పెట్టుకున్నాను.

నేను మా బాల్కనీలో దుప్పటి వెనక కూర్చున్నాను. వాళ్ల రెయిలింగ్ మీద విస్తరాకుకు బదులు కాగితం పళ్లెంలో అన్నం ముద్ద. మనవాళ్లకు ఒక సంగతి తెలియదు. ఇక్కడి కాకి మన కాకి కాదు. మన కాకి వంటింటి గడప దాకా వచ్చి పిల్లల చేతిలోంచి లాక్కుపోతుంది. ఇక్కడిది పెద్దది, అనుమానపు పిట్ట, పార్కింగ్ లాట్ అవతల చెట్టు కొసన కూర్చుని అరుస్తుంది తప్ప మనిషి నిలబడ్డ బాల్కనీకి రాదు. నాకు తెలుసు. చెప్పలేదు.

గంట గడిచింది. రెండో గంట గడిచింది. చలికి మంత్రాల డాక్టరుగారి ముక్కు ఎర్రబడింది. కాకి రాకపోతే చేసే పని ఒకటుంది కదా. పోయినవాళ్ల కోరికేమిటో ఊహించి, తీరుస్తామని ఒక్కొక్కరే పైకి మాట ఇస్తారు. మీ అమ్మని మేం చూసుకుంటామమ్మా అన్నారు డాక్టరుగారి భార్య. చెల్లెలి పెళ్లికి అందరం సాయపడతామని ఇంకొకరు అన్నారు. చెట్టు కొసన కాకి కదల్లేదు. చివరికి అతను ముందుకొచ్చాడు. రెయిలింగ్ పట్టుకుని, ఎవరికీ వినిపించకూడదన్నట్టు అన్నాడు. ఆరడుగుల దూరంలో ఉన్న నాకు వినిపించింది.

"కారు నేర్పిస్తానని నేర్పించలేదు. నాలుగేళ్లు నిన్ను ఇక్కడే నిలబెట్టాను. తప్పు నాదే."

అప్పుడు వచ్చి వాలింది నల్లటి పిట్ట. రెయిలింగ్ మీద రెండడుగులు నడిచి, ముద్దలో ముక్కు పెట్టింది. ఆడవాళ్లు ఏడ్చారు. అతను కూలబడ్డాడు. నేను షట్టర్ నొక్కాను, ఆరుసార్లు. నొక్కుతున్నప్పుడే తెలుసు. పసుపు పచ్చటి కన్ను, పొడుగు తోక, తల మీద నెమలికంఠం రంగు మెరుపు. అది గ్రాకిల్. చలికాలం దక్షిణానికి పోయి మార్చి మొదట్లో తిరిగొచ్చే పిట్ట. గుంపుకంటే ముందొచ్చిన ఒక్క పిట్ట, ఆకలి మీద ఉంది, అన్నం కనిపించింది, తింది. అంతే.

పది రోజులకు స్లైడ్లు వచ్చాయి. ఆదివారం అతన్ని పిలిచి, పరదాలు దించి, గోడ మీద వేశాను. నిజంగా మంచి ఫొటో. కంట్లో వెలుగు చుక్కతో సహా పడింది. అతను చాలాసేపు చూసి, ఒక ప్రింటు వేయించి ఇవ్వమన్నాడు, అత్తగారికి పంపాలి.

నేను లేచి గోడ దగ్గరికి వెళ్లాను. వేలితో కన్ను చూపించాను, తోక చూపించాను. పిట్టల పుస్తకం తెరిచి బొమ్మ పక్కన పెట్టాను. ఇది కాకి కాదు, దూరపు చుట్టం కూడా కాదు, దీన్ని కాకి అని పంపడం ఒక ముసలావిడకు అబద్ధం చెప్పడమే, అందులో నేను పాలు పంచుకోనన్నాను. ఇంకా ఏవో అన్నాను. గ్రంథాలయంలో మాట్లాడినట్టే మాట్లాడాను. ప్రొజెక్టర్ వెలుగులో పిట్ట నా చొక్కా మీద పడుతోంది.

అతను వాదించలేదు. అంతా విన్నాడు.

"ఆ రోజు నేను అన్న మాట మీకూ వినబడింది కదా అన్నయ్యా."

వినబడిందన్నాను.

"ఇన్ని రోజుల్లో దాని గురించి ఒక్క ముక్క అడగలేదు మీరు. పిట్ట గురించి మాత్రం పుస్తకం తెచ్చారు."

లేచి, కుర్చీ సర్ది, కాఫీకి థాంక్స్ చెప్పి వెళ్లిపోయాడు. ఆ తర్వాత మెట్ల మీద ఎదురైతే తల ఊపేవాడు. అన్నయ్యా అనలేదు.

ఏప్రిల్ చివర ప్రింటు వేయించాను. వెనక రాశాను: గ్రాకిల్, ఆ రోజు అన్నం తిన్న పిట్ట. అబద్ధం లేకుండా ఇవ్వొచ్చని తట్టడానికి నాకు నెలన్నర పట్టింది. తీసుకుని వెళ్తే తలుపు బార్లా తీసి ఉంది. లోపల ఇద్దరు పనివాళ్లు గోడలకు తెల్లరంగు వేస్తున్నారు. డాలస్‌లో ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడట. డాక్టరుగారిని అడిగి అడ్రస్ తీసుకుని పోస్టు చేశాను. జవాబు రాలేదు. కవరు తిరిగీ రాలేదు, కాబట్టి అందే ఉంటుంది. దాన్ని అత్తగారికి పంపాడో లేదో నాకు తెలియదు.

ఎనభైలన్నీ నా వాటాలోనే గడిపాను. ప్రతి మార్చిలోనూ గ్రాకిళ్లు వచ్చేవి. ఒక ఏడాది రెయిలింగ్ మీద అన్నం ముద్ద పెట్టాను, ఆత్మ కోసం కాదు, పిట్ట దగ్గరగా వస్తుందని. వచ్చింది. అంతకంటే మంచి ఫొటో పడింది. పక్క బాల్కనీలో అప్పుడు ఎవరో సైకిల్ పెట్టుకునేవారు. పరదాలు దించి, గోడ మీద వేసి, కాసేపు చూసి ఆర్పేశాను.

నా అభిప్రాయం మారలేదు. చనిపోయినవాళ్లకు ఆకలి లేదు. ఏ పిట్టా ఎవరి కబురూ మోయదు. అందుకే ఆ పని మనుషులే చేయాలి, ఇంకెవరూ చేయరు. నేను నిజం చెప్పాను. చెప్పే ముందు అతని పక్కన కూర్చోలేదు. ఆవిడ ఏ రోడ్డు మీద కారు నడపాలనుకునేదో, అతను రాత్రిళ్లు ఏం తింటున్నాడో అడగలేదు. వాదనలో అవతలివాడు నోరు మూసుకుంటే గెలిచామనుకోవడం మా గ్రంథాలయం నేర్పింది. వాడు ఎందుకు మూసుకున్నాడో చూడమని నేర్పలేదు.

మీ గోడకవతల ఈ నెలలో ఎవరో పోయి ఉంటారు. ఒకరు మిగిలి ఉంటారు. కాకి వస్తుందో రాదో ఆనక తేల్చుకుందురు గాని. ఈ కాగితం కింద పెట్టండి. పుస్తకమూ కెమెరా ఇంట్లో వదిలి, వెళ్లి ఆ తలుపు కొట్టండి. ఏం జరిగిందో అడగండి. చెప్పడం పూర్తయ్యేదాకా లేవకండి.