మా చిన్నాయన ఇంజన్ బేరం

నా చిన్నప్పుడు మా ఇంట్లో మట్టి అంటని మనిషి ఒక్కడే ఉండేవాడు, మా చిన్నాయన. మా బాపుకు సొంత తమ్ముడు. నకిరేకల్‌లో ఒక బట్టల దుకాణంలో గుమాస్తాగా పనిచేసేవాడు. పండక్కో పబ్బానికో ఊరికి వస్తే వాకిట్లో మంచం మీద కూర్చునే ముందు జేబులోంచి దస్తీ తీసి పరిచి, దాని మీద కూర్చునేవాడు. ఆ మంచానికి నులక అల్లింది మా బాపే. చిన్నతనంలో ఇద్దరూ పడుకుని పెరిగిందీ ఆ మంచం మీదే. అయినా దస్తీ లేకుండా కూర్చునేవాడు కాదు. నాకప్పుడు ఎనిమిదో తొమ్మిదో ఏళ్లు. ఆ దస్తీని చూస్తే నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు రాస్తుంటే కూడా మండుతోంది.

మాకున్నది ఒక్కటే బావి, దాని కింద రెండు వరిమళ్లు. అప్పట్లో మా వైపు నీళ్లు తోడేది మోటతోనే. పెద్ద తోలు బొక్కెనను మోకుకు కట్టి బావిలోకి వదిలేవారు. ఎడ్ల జతను పల్లంలోకి తోలితే నిండిన బొక్కెన పైకి వచ్చి కాలువలో పడేది. మళ్లీ ఎడ్లను వెనక్కి నడిపించి గట్టు ఎక్కించాలి. పొద్దు పొడవక ముందు మొదలుపెట్టి ఎండ నడినెత్తికి వచ్చే దాకా బాపు వాటితో పాటు దిగుతూ ఎక్కుతూ ఉండేవాడు. ఇంటికి వచ్చాక అవ్వ ఆముదం వెచ్చజేసి అతని మోకాళ్లకు రాసేది. అవ్వ అంటే మా బాపును, చిన్నాయనను కన్న తల్లి.

ఒక ఏడు ఎండలు ముదిరే రోజుల్లో, పండుగ ఏదీ లేకుండానే చిన్నాయన దిగాడు. చేతిలో మెరిసే రంగుల కాగితం ఒకటి ఉంది. దాని మీద నీళ్లు తోడే ఆయిల్ ఇంజన్ బొమ్మ. బట్టల దుకాణం మానేసి ఇంజన్లు అమ్మే ఏజెంటు కావాలని అతని ఆలోచన. అలాంటి ఏజెంటు ఒకతను వాళ్ల దుకాణానికి వస్తూ ఉండేవాడట. వచ్చీ రాగానే సేటు కుర్చీ వేయించి చాయ్ తెప్పించేవాడట. అన్నేళ్లుగా పనిచేస్తున్న చిన్నాయన మాత్రం నిలబడే ఉండాలి. అతను ఇంజన్ను ఇష్టపడ్డాడని ఇంట్లో అందరూ అనుకున్నారు గానీ, అతను ఇష్టపడింది ఆ కుర్చీని.

పట్నంలోని ఇంజన్ల దుకాణం వాళ్లు ఒక షరతు పెట్టారు. ముందు ఏదైనా ఊళ్లో ఒక ఇంజన్ అమ్మి చూపిస్తే ఏజెంటుగా తీసుకుంటామన్నారు. ఎవరికి అమ్మాలి? పది మందిని అడగాలంటే పది మందికి జవాబు చెప్పాలి. అన్న అయితే ఏమీ అడగడు. అందుకని నేరుగా మా బాపు దగ్గరికి వచ్చాడు.

బాపు నిజంగానే ఇంజన్ గురించి ఏమీ అడగలేదు. మోకాళ్ల నొప్పి అలాంటిది. ముందుగా కట్టే బయానా కోసం ఎడ్ల జతను అంగడిలో అమ్మేద్దామని అన్నదమ్ములిద్దరూ ఆ సాయంత్రమే మాట అనుకున్నారు. అంగడి మూడు రోజుల్లో ఉంది. దుక్కికి ఎట్లా అని బాపు ఒక్కసారి అడిగితే, "కిరాయి ఎడ్లు దొరకవా అన్నా, గదేం ఫికర్" అన్నాడు చిన్నాయన. మళ్లల్లో వరి అప్పుడే పొట్టకొస్తోంది. ఎడ్లు పోయాక ఇంజన్ నీళ్లు తోడకపోతే వారంలో పైరు ఎండుతుంది. ఆ ఏడు మాకు వేరే గింజ లేదు. పిల్లదాన్ని, ఆ సంగతి నాకే తెలుస్తుంటే గజాలు కొలిచే మనిషికి తెలియలేదు.

నేను ఆశ్చర్యపోయింది అవ్వను చూసి. అంగట్లో ఒక్క వంకాయ పుచ్చు వచ్చినా మళ్లీ పోయి కొట్లాడే మనిషి, ఎడ్లు అమ్ముతారని విని కిమ్మనలేదు. చిన్న కొడుక్కి కడుపునిండా పెట్టింది. మరునాడు పొద్దున బాపు మోట కొడుతుంటే అక్కడికి నన్నూ చిన్నాయననూ వెంటబెట్టుకుని వెళ్లింది.

"కొడుకా, మీ అన్నకు అమ్మినవు. బాయిల నా పాలు గూడ ఉన్నది గద. జర నాకు గూడ అమ్ము" అంది.

చిన్నాయన నవ్వి, గట్టు మీది రాయి పైన దస్తీ పరిచి కూర్చున్నాడు. దుకాణంలో చీరలు అమ్మే గొంతు బయటికి తీశాడు. "గిది గడ్డి అడగదు, కుడితి అడగదు. పొద్దుగాల పిడి తిప్పితే మడి నిండేదాంక ఆగదు. అన్న కాలు మీద కాలేసుకొని కూసుంటడు."

"నీళ్లెట్ల తోడుతది?"

"గొట్టం ఉంటదే అమ్మా. గొట్టంతోని గుంజుతది."

"ఎంత లోతుల నుంచి గుంజుతది?"

ఒక్క క్షణం అతని కళ్లు కాగితం మీదికి పోయాయి. అందులో ఆ ముక్క రాసి లేదు కాబోలు. "ఎంత లోతున్నా గుంజుతది" అన్నాడు.

"ఏడు బారలున్నా?"

"పది బారలున్నా."

"నడి ఎండకాలంల గూడ?"

"ఇనుపదానికి ఎండకాలమేంది, వానకాలమేంది?"

కాలువ దగ్గర బట్టలు ఉతుకుతున్న పక్కింటి పెద్దమ్మ తలెత్తింది. "మా ముసలాయన్ను మంచంల నుంచి గుంజుతదేమో అడుగు వదినా, నేనొకటి తీసుకుంట" అంది. బాపు కూడా నవ్వాడు. చిన్నాయన నవ్వలేదు.

అవ్వ ఆ కాగితం అందుకుంది. ఆమెకు చదువు రాదు. ఎండకు అడ్డంగా చెయ్యి పెట్టుకుని బొమ్మను చాలాసేపు చూసింది. ఎర్రటి ఇంజన్, పక్కన ఒక బావి, ఒడ్డు దాకా నీళ్లు, వంగి బిందె ముంచుకుంటున్న ఒక ఆడమనిషి.

"గీ బాయి ఎవలది?"

"బొమ్మల బాయి ఎవలదంటే ఏం చెప్పాలె?"

"వంగితే బిందె మునుగుతున్నది. గింత పైన నీళ్లున్నోనికి ఇంజన్ ఎందుకు, చెంబు సాలదా? మన బాయి గిట్ల ఉన్నదా? దిగి చూసి రా, నీళ్లు ఎంత లోతుల ఉన్నయో."

"నేను అమ్మేటోన్ని. దిగుడు మిస్త్రీ పని."

"గీ బాయిల్నే ఈత నేర్చినవు గదరా."

చిన్నాయన తన పంచె వంక చూసుకున్నాడు, బావి మెట్ల వంక చూశాడు. లేవలేదు. బాపు ఎడ్లను ఆపేసి అతని వంకే చూస్తున్నాడు.

అప్పుడు చెప్పింది అవ్వ. కిందటి ఎండాకాలం ఆమె తమ్ముడు తన ఊళ్లో బావి ఒడ్డున ఇలాంటి ఇంజనే పెట్టాడు. నీళ్లు నాలుగు బారల లోతుకు పోయే దాకా తోడింది. అంతకన్నా కిందికి పోగానే గొట్టంలోకి ఒట్టి గాలి గుంజి దగ్గడం మొదలుపెట్టింది. చివరికి బావి గోడను లోపల తొలిచి గద్దె కట్టి, ఇంజన్ను మోకులతో దాని మీదికి దించారు. అప్పటికి పైరు మాడిపోయింది. మా బావిలోనైతే నడి ఎండాకాలం నీళ్లు ఏడు బారల లోతుకు పోతాయి.

"గిది నీకెరుకనా?" అని అడిగింది.

"ఎరుకే" అన్నాడు.

"ఎరుకుంటె మీ అన్నకెందుకు చెప్పలే? ఎరుక లేకుంటె ఎరుక లేదని ఎందుకనలే?"

చిన్నాయన లేచి, దస్తీ దులిపి, నాలుగు మడతలు పెట్టుకుని, మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోయాడు. అన్నం తినలేదు. పంచెకు మట్టి మాత్రం అంటలేదు.

ఎడ్లు అంగడికి పోలేదు. కానీ బాపు రెండు రోజులు అవ్వతో మాట్లాడలేదు. అతని కోపం కూడా సరైందే. గట్టు ఎక్కి దిగాల్సిన కాళ్లు అతనివి. ముందే చెప్పొచ్చు కదా అని నేను అవ్వను అడిగాను. "నేను చెప్తే ముసల్ది మిషన్ చూసి జడిసిందంటరు బిడ్డా. వాని నోటితోని వాడే చెప్పుకోవాలె" అంది.

చిన్నాయన ఆ ఇంజన్ను పిల్లనిచ్చిన మామకు అమ్మాడు. వానాకాలమంతా బాగానే నడిచింది. ఎండాకాలం రాగానే దగ్గింది. అతను అటువైపు పోవడమే మానేశాడు. మా చిన్నమ్మ ఒక్కతే పుట్టింటికి పోయి ఆ మాటలన్నీ పడి వచ్చింది. మరుసటి ఏడు మళ్లీ గజం కర్ర పట్టుకున్నాడు. రైతులకు తెలివి లేదని, అందుకే ఆ దందా వదిలేశానని కనబడ్డవాళ్లకల్లా చెప్పుకునేవాడు.

రెండేళ్లకు మా బావికీ ఇంజన్ వచ్చింది. అమ్మడానికి వచ్చిన మిస్త్రీ అంగీ విప్పి ముందు బావిలోకి దిగాడు. నడుము దాకా బురదతో పైకి వచ్చి, గద్దె ఎక్కడ తొలవాలో చూపించాడు. నడి ఎండాకాలంలో అక్కడికి నీళ్లు అందుతాయా అని అవ్వ అడిగింది. "అది నాకెరుక లేదవ్వా. ఎండలల్ల మళ్లొచ్చి చూసి చెప్త" అన్నాడు. అవ్వ అతన్ని ఆ బురద ఒంటితోనే మంచం మీద కూర్చోబెట్టి అన్నం పెట్టింది. చెప్పినట్టే అతను ఎండల్లో మళ్లీ వచ్చాడు. మేము అతని దగ్గరే కొన్నాం.

పెద్దవయసులో అందరినీ క్షమించాలంటారు. చిన్నాయన పోయి చాలా ఏళ్లయింది. అయినా తెలియని సంగతి తెలిసినట్టు చెప్పి, ఇంకొకరి ఎడ్లను అంగడికి తోలించే మనిషంటే నాకు ఇప్పటికీ చులకనే. ఏ రంగు కాగితం పట్టుకొచ్చినా, ఎంత తెల్లటి బట్టలు వేసుకొచ్చినా అంతే.

నేను అక్షరాలు నేర్చుకోవడానికి రాత్రి బడికి పోయింది యాభై దాటాక. చదువు చెప్పే పిల్ల నా మనవరాలంత ఉంటుంది. మొదటి రోజు పలక మీద ఒక అక్షరం రాసి ఇదేమిటని అడిగింది. నా పక్కన కూర్చున్నవాళ్లు సిగ్గుపడి, నోటికొచ్చింది ఏదో ఒకటి అంటున్నారు. నా వంతు వచ్చింది. "నాకు ఎరుక లేదమ్మా" అన్నాను. ఆ పిల్ల వచ్చి నా పక్కన కూర్చుని, చెయ్యి పట్టి దిద్దించింది.