యాదగిరి పోయాక నాకు ముద్ద దిగలేదు

ఒక సోమవారం పొద్దున, నాచారంలో మా కంపెనీ క్యాంటీన్‌లో ఇడ్లీ తింటుంటే రెండో ముద్ద గొంతులోనే ఆగిపోయింది. నీళ్లు తాగాక దిగింది కానీ, అక్కడ ఏదో ఉండ అడ్డం పడ్డట్టు ఉండిపోయింది. సాయంత్రానికీ పోలేదు. పది రోజులు తిరిగేసరికి గంజికీ మజ్జిగకూ వచ్చాను.

నాకు నలభై ఎనిమిదేళ్లు. లేత్ మెషిన్ మీద టర్నర్‌ని. ఇల్లు ఉప్పల్‌లో. మా బంధువు ఒకాయన గొంతు క్యాన్సర్‌తో పోయి ఉండటంతో నా భార్య సుజాతకు భయం పట్టుకుంది. వెంటనే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ గొంతులో స్కోప్ పెట్టి చూసి ఏమీ లేదన్నారు. తర్వాత థైరాయిడ్ టెస్ట్, ఈసీజీ, ఎండోస్కోపీ. అన్నీ నార్మల్. నేను మాత్రం ఆరు కిలోలు తగ్గాను.

మూడోసారి వెళ్లినప్పుడు డాక్టర్ రిపోర్టులు పక్కన పెట్టి, "ఈమధ్య ఇంట్లో ఎవరైనా పోయారా?" అని అడిగారు.

"లేదు మేడం, అందరూ మంచిగనే ఉన్నరు" అన్నాను.

సుజాత ఊరుకోలేదు. "ఇంట్ల కాదు మేడం, ఈయన దోస్తు పోయిండు. యాదగిరన్న. రెండు నెలలాయె. అప్పటిసంది ఈయన సక్కగ మాట్లాడ్తనే లేడు."

నాకు కోపం వచ్చింది. దోస్తు పోతే రోగం వస్తుందా?

యాదగిరిది నా పక్క మెషిన్. పంతొమ్మిదేళ్లు ఒకే బండి మీద వెళ్లాం, ఒకే బల్ల మీద తిన్నాం. ఒక ఆదివారం గుండెపోటుతో ఇంట్లోనే పోయాడు. శ్మశానంలో అన్నదమ్ములు ముందు నిలబడ్డారు, నేను వెనక నిలబడ్డాను. అందరూ వాళ్లను ఓదార్చారు. నన్నెవరూ పలకరించలేదు, నేనూ ఆశించలేదు. వాళ్లే నిబ్బరంగా ఉంటే ఏడ్వడానికి నేనెవరిని అనుకున్నాను. మర్నాడు షిఫ్ట్‌కి వెళ్లిపోయాను.

"దీన్ని గ్లోబస్ అంటారు" అన్నారు డాక్టర్. "గొంతు కండరాలు బిగుసుకుంటాయి. ఇది మీ ఊహ కాదు, నిజంగానే అలా ఉంటుంది. టెస్టులన్నీ చేశాం కాబట్టి ధైర్యంగా చెప్తున్నా. ఒకసారి కౌన్సెలర్‌ని కలవండి."

"నాకు పిచ్చి లేసిందా మేడం?"

"లేదండీ. మీకు దుఃఖం ఉంది. ఎక్కడా చెప్పుకోలేదు, అంతే."

కౌన్సెలర్ దగ్గర మొదటి రెండుసార్లు కడుపులో గ్యాస్ గురించే మాట్లాడాను. మూడోసారి ఆయన, "లంచ్‌ల మీరిద్దరు ఏం ముచ్చట పెట్టుకునేటోళ్లు?" అని అడిగాడు. యాదగిరి రోజూ నా డబ్బాలో కూర తిని, ఉప్పు తక్కువైందంటూ సుజాతకు ఫోన్ చేసి మరీ పోట్లాడేవాడని చెప్పబోయాను. సగంలోనే ఏడుపు వచ్చింది. చాలాసేపు ఏడ్చాను. ఆ సాయంత్రం రెండు చపాతీలు తిన్నాను. తగ్గిపోయిందనుకున్నాను.

వారం తిరగకుండానే యాదగిరి మెషిన్ మీదికి మహేశ్ అనే కొత్త ఆయన వచ్చాడు. అల్మారా శుభ్రం చేస్తూ యాదగిరి టీ గ్లాసును చెత్తలో పడేశాడు. "ఎవ్వర్ని అడిగి పారేసినవ్?" అని వర్క్‌షాపంతా వినపడేలా అరిచాను. పాపం, అతనికేం తెలుసు? ఆ రోజు నుంచి గొంతు మళ్లీ మూసుకుపోయింది.

అప్పుడు కౌన్సెలర్ లాలాపేట్‌లో ఒక స్కూల్ గదిలో ఆదివారాలు జరిగే, అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్ల మీటింగ్‌కి పొమ్మన్నాడు. అక్కడ ఎనిమిది మంది ఉన్నారు. భర్తలు పోయినవాళ్లు, భార్యలు పోయినవాళ్లు. సత్తెమ్మ అనే పెద్దావిడకు చేతికొచ్చిన కొడుకు పోయాడు. నా వంతు రాగానే సిగ్గేసింది.

"నాకు దోస్తే పోయిండమ్మా. మీ ముంగట చెప్పుకునేంత పెద్దది కాదు."

సత్తెమ్మ నా వైపు తిరిగింది. "పెద్దది చిన్నది అని ఎవరు కొలిసిన్రు బిడ్డా? ఆయన పేరేంది? జెప్పు, ఇంటం."

వాడి పేరు నన్నెవరైనా అడగడం అదే మొదటిసారి. ఆ రోజు అందరికంటే ఎక్కువసేపు నేనే మాట్లాడాను.

తర్వాతి ఆదివారం ధైర్యం చేసి యాదగిరి ఇంటికి వెళ్లాను. దినాలయ్యాక అటు పోనే లేదు. నన్ను చూస్తే వాళ్లకు దుఃఖం ఎక్కువవుతుందని నాకు నేనే చెప్పుకున్నాను. తలుపు తీసిన అతని భార్య లక్ష్మి, "మమ్ముల మర్సిపోయినవనుకున్న అన్నా" అంది. చాయ్ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. "ఇంట్ల ఎట్లుండెనో నాకెరుకే. కంపెనీల ఎట్లుంటుండె? జర జెప్పరాదు."

కూర, ఉప్పు సంగతి చెప్పాను. "నా వంటకు ఒక్కనాడు వంక పెట్టలే గదా!" అని లక్ష్మి నవ్వి, నవ్వుతూనే ఏడ్చింది. నాకూ ఆగలేదు. ఇప్పుడు నెలకోసారి సుజాతా నేనూ వెళ్తున్నాం.

ఏడాది దాటింది. అన్నం మామూలుగా తింటున్నాను. మహేశ్‌కి సారీ చెప్పాను. లంచ్ అతనితోనే చేస్తున్నాను. కొన్ని రోజులు గొంతులో ఆ ఉండ మళ్లీ తెలుస్తుంది. భయపడను, లక్ష్మికో సత్తెమ్మకో ఫోన్ చేస్తాను.

ఇలాంటి బాధ మీకుంటే టెస్టులు తప్పకుండా చేయించుకోండి. వాటితో పాటు, నొప్పి ఎన్నాళ్ల నుంచో చెప్పినట్టే, ఈమధ్య మీకు దూరమైన మనిషి గురించి కూడా డాక్టర్‌కి చెప్పండి. ఆ మనిషి మీ చుట్టం కాకపోయినా సరే.