ఉప్పునీళ్ళతో కడిగిన వ్యాను

మొన్న మా అమ్మాయి కొత్త కారు కొంది. తలుపు తీయగానే కొత్త సీట్ల వాసన గుప్పుమంది. షోరూమ్ వాళ్ళు చూపించిన చోటల్లా అది చకచకా సంతకాలు పెడుతుంటే నాకు ఒళ్ళు మండింది. ఒక్క కాయితమన్నా చదివావా అని కసిరాను. నవ్వేసింది. అసలు ఆ మాట అడిగే అర్హత నాకుందా అని ఇంటికొచ్చేదాకా ఆలోచిస్తూనే ఉన్నాను. అలా గుర్తొచ్చారు రంగనాయకులు గారు.

అరవైల మొదట్లో నెల్లూరులో వ్యాన్లూ లారీలూ అమ్మే ఒక షాపులో నేను గుమాస్తాను, ఆయన మేనేజరు. బండి గురించి ఎవరేం చెప్పినా, పంచె ఎగగట్టి దాని కిందికి దూరి చూసొచ్చేదాకా ఆయన అవుననీ కాదనీ అనేవారు కాదు. నాకదంతా చాదస్తంగా కనిపించేది. ఇంగ్లీషులో ఉండే గ్యారంటీ పుస్తకాన్ని, బండి అప్పగించేటప్పుడు కొన్నవాళ్ళకు తెలుగులో చదివి చెప్పాలన్నది ఆయన పెట్టిన నియమం. ఆ పని నాది. అరగంట పట్టేది. ఎదుట కూర్చున్నవాళ్ళు కొత్త బండి వైపు చూస్తారే గానీ నా మాట వింటారా! విసుగు పుట్టి, కొన్నాళ్ళకు చదవకుండానే వేలిముద్రలు వేయించుకోవడం మొదలుపెట్టాను.

పులికాట్ ఒడ్డునుంచి పోలయ్య వచ్చింది ఆ రోజుల్లోనే. పట్టిన చేపలు రైలుకు చేర్చడానికి అన్నదమ్ములు నలుగురూ కలిసి వ్యాను కొన్నారు. ఎనిమిది నెలలు తిరిగేసరికి అది, బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందో లేదో చూసే ఎఫ్.సి. తనిఖీలో తప్పింది. బ్రేకు గొట్టాలు తుప్పుపట్టి చిల్లులు పడ్డాయనీ, బాగుచేసి తెచ్చేదాకా రోడ్డెక్కకూడదనీ బ్రేకు ఇన్‌స్పెక్టరు రాసిచ్చాడు. గ్యారంటీ ఇంకా నాలుగు నెలలుందన్న ధైర్యంతో పోలయ్య దాన్ని లారీకి కట్టి లాగించుకుని మా దగ్గరికొచ్చాడు. వ్యాను నిలిచిపోయి వారమైందనీ, చేపలు ఒడ్డునే కుళ్ళిపోతున్నాయనీ చెప్పాడు.

రంగనాయకులు గారు కిందికి దూరి చూసొచ్చి, బండిని ఏ నీళ్ళతో కడుగుతున్నారని అడిగారు.

"మా ఒడ్డు నీళ్ళతోనే సార్. పడవను కడిగినట్టు దినామూ కడిగినాం. అడుగు గూడా వదల్లేదు," అన్నాడు పోలయ్య. చెప్పడంలో కాస్త గర్వం కూడా ఉంది.

ఉప్పునీళ్ళు తగిలి చెడితే గ్యారంటీ వర్తించదని ఆ పుస్తకంలో స్పష్టంగా ఉంది. దాన్ని నేను పోలయ్యకు చదవలేదు.

షాపు యజమాని మా ముగ్గురినీ తన గదిలోకి పిలిచి, వేలిముద్ర చూపించి, కుదరదు పొమ్మన్నారు. మాకెవరూ చెప్పలేదు సార్ అని మాత్రం అన్నాడు పోలయ్య. అప్పుడు యజమాని మా వైపు తిరిగి, చదివి చెప్పారా లేదా అని అడిగారు. నేను నేల చూస్తూ నిలబడ్డాను. రంగనాయకులు గారూ కాసేపు మాట్లాడలేదు.

"చెప్పలేదండీ. పొరపాటు నాది. మనమే బాగుచేసివ్వాల," అన్నారు చివరికి.

నాలుగో రోజున పోలయ్య వ్యాను తనిఖీ దాటింది. కావలిలో తెరవబోయే కొత్త షాపును రంగనాయకులు గారికే అప్పగిస్తారని అంతకుముందు అందరూ అనుకునేవాళ్ళం. ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆయనకంటే చిన్నవాడెవరో కావలికి వెళ్ళాడు. ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. సిగ్గులేని మాటే గానీ, అందుకు నాకు హాయిగానే ఉండింది. జరిగింది ఆయనకు తెలియదులే అని సర్దిచెప్పుకున్నాను. ఆ తర్వాత మాత్రం చదివి వినిపించకుండా ఒక్క బండి కూడా అప్పగించలేదు.

ఆయన ఉద్యోగం మానుకుని సొంత ఊరు బుచ్చిరెడ్డిపాలెం వెళ్ళిపోతున్న రోజు బస్సెక్కించడానికి వెళ్ళాను. ఇక ఆపుకోలేక, ఆనాటి తప్పు నాదేనని చెప్పేశాను.

"తెలుసయ్యా," అన్నారాయన నెమ్మదిగా. "నువ్వే చెప్తావేమోనని కాసేపు చూసినాను."

బస్సు కదిలింది. ఇప్పుడు తప్పు నాదైతే ఎవరూ అడక్కముందే చెప్పేస్తాను. ఇంట్లో నవ్వుతారు, ఈయనకు ఒప్పుకోవడమంటే సరదా అని. నవ్వనీ. చెప్పిన ప్రతిసారీ, ఈ ఒక్క మాట ఆ గదిలో అని ఉంటే కావలికి ఆయనే వెళ్ళేవారు కదా అనిపిస్తుంది.